సైకిలుకు నంబరు ప్లేటు ఎందుకప్పా?

మారికుప్పం

పోయినసారి మన స్టేషను దారిలో గుంతల గురించి రాస్తే, జవాబిచ్చినవాళ్ళలో చాలామంది గుంతల్ని వదిలేసి సైకిళ్ళ మీద పడ్డారు. ఆ జవాబుల్లో బేతమంగళం నుంచి ఒక పెద్దాయన రాసిన ఉత్తరం పక్కకు తీసి పెట్టుకున్నాను. ఆయన గోడు ఇదీ: "నా స్కూటరుకు ఆర్‌సీ ఉండాల, ఇన్సూరెన్సు ఉండాల, పొగ సర్టిఫికెట్టు ఉండాల, నెత్తిన హెల్మెట్టు ఉండాల. సందులోంచి దూసుకొచ్చి నా ఇండికేటరు పగలగొట్టిన సైకిలు పిలగాడికి మాత్రం ఏమీ ఉండక్కర్లే. సారీ అంకుల్ అనేసి పోయినాడు. వాడి పేరేమి, ఊరేమి, ఎవర్ని పోయి అడగాల? సైకిళ్ళకూ నంబరు, ఇన్సూరెన్సు పెట్టమని మీరెందుకు రాయరు?"

ఎందుకు రాయనో చెప్పడానికే ఈ ఉత్తరం. పెద్దాయన కోపంలో న్యాయం లేదని అనను. ఇండికేటరు పగిలింది నిజం, డబ్బు పోయింది నిజం.

ముందు చట్టం మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఇంజనుతోనో మోటారుతోనో నడిచే బండ్లది. అందులో 146వ సెక్షను, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా బండిని రోడ్డెక్కించకూడదంటుంది. ఈ ఇన్సూరెన్సు మన బండిని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. కాదు. మన బండి కింద పడినవాడికి, మన దగ్గర డబ్బున్నా లేకపోయినా, పరిహారం దొరకాలని పెట్టింది అది. పెద్దాయన స్కూటరు లాంటిదానికి, 75 సీసీ దాటి 150 సీసీ లోపు అయితే, 2022లో పెట్టిన రేటు ఏడాదికి 714 రూపాయలు. ఆ డబ్బు కట్టించుకోవడంలో ప్రభుత్వం చూసేది స్కూటరు చేయగల నష్టాన్ని. నూటయాభై కిలోల బండి నలభై వేగంతో వస్తుంటే ఎదురుగా ఉన్న మనిషికి ఏమవుతుందన్నదే అక్కడ లెక్క.

సైకిలు ఆ చట్టంలోకి రాదు. అలాగని సైకిలు జోలికి ఎవరూ వెళ్ళకూడదని రాజ్యాంగంలో ఏమీ లేదు. ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా తీసి చూడండి. యంత్రంతో నడవని బండ్లు 13వ పద్దులో ఉన్నాయి. బండ్ల మీద పన్ను, యంత్రం ఉన్నా లేకున్నా, 57వ పద్దులో ఉంది. అంటే బెంగళూరు విధానసౌధ తలుచుకుంటే రేపే సైకిలుకు నంబరు పెట్టొచ్చు, ఢిల్లీని అడగక్కర్లేదు. కాబట్టి పెద్దాయన అడిగింది కుదరని కోరికేమీ కాదు. అసలు ఒకప్పుడు పెట్టారు కూడా.

యాభై ఏళ్ళు దాటినవాళ్ళకు సైకిలు బిళ్ళ గుర్తుండే ఉంటుంది. ఇటు మైసూరు సీమలోనూ, అటు చిత్తూరు, ఉత్తరార్కాడు వైపూ మునిసిపాలిటీలు, పంచాయతీలు ఏటా సైకిలుకు పన్ను వసూలు చేసి ఒక రేకు బిళ్ళ ఇచ్చేవి. దాని మీద ఊరి పేరు, సంవత్సరం, ఒక నంబరు. ముందు చక్రం ఇరుసుకో, హ్యాండిలు కింది గొట్టానికో బిగించుకునేవారు. ఆర్థిక సంవత్సరం ముగిసే వేళకు బిల్లు కలెక్టరు ఒక బంట్రోతును వెంటేసుకుని ఊరి మొదట్లో చెట్టుకింద నిలబడేవాడు. దూరం నుంచే చూసి సైకిలు దిగి పొలంగట్ల మీద నడిపించుకుపోయినవాళ్ళు కొందరు, సైకిలును భుజాన వేసుకుని కాలవ దాటినవాళ్ళు కొందరు. పట్టుబడితే సైకిలు పంచాయతీ ఆఫీసుకు పోయేది. దాంతోపాటు ఆ రోజు కూలీ పోయేది. పోలీసుల లెక్క వేరు. రాత్రి దీపం లేకపోయినా, డబుల్స్ ఎక్కినా చక్రంలో గాలి తీసేసి, వాల్వు జేబులో వేసుకుని పంపేవారు. ఆ శిక్ష చాలామందికి జరిమానా కంటే బాగా గుర్తుండిపోయింది.

ఇంతకీ ఆ బిళ్ళ వల్ల ఎవరికి ఏం ఒరిగింది? దెబ్బ తిన్నవాడికి దాని నుంచి పైసా రాలేదు, ఎందుకంటే అది పన్ను, బీమా కాదు. దొంగిలించిన సైకిలుకు బిళ్ళ పీకేయడానికి ఒక స్పానరు చాలు. రేకు కొట్టించి, పుస్తకం అచ్చేసి, మనుషుల్ని నిలబెట్టి వసూలు చేస్తే చివరికి మిగిలేది చిల్లర. ఎవరూ ఉద్యమం చేయకుండానే అది క్రమంగా ఆగిపోయింది.

ఈ సంగతులు మాట్లాడదామని ఆండర్సన్‌పేటలో నాకు తెలిసిన ఒక సైకిలు అంగడికి వెళ్ళాను. ఆయన మన బంగారు గనులు నడిచిన కాలం నుంచీ అదే పని చేస్తున్న మనిషి. సైకిళ్ళకు నంబరు పెట్టాలంటున్నారన్నా అంటే నవ్వలేదు, మాట్లాడలేదు. పంక్చరు వేస్తున్న సైకిలును తలకిందులుగా నిలబెట్టి, పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం కింద స్క్రూడ్రైవరుతో గీకాడు. గ్రీజు, మట్టి, ఎండిపోయిన పేడ పొరలు పొరలుగా లేచొచ్చాయి. చివర గుడ్డముక్క కిరోసినులో తడిపి తుడిస్తే ఇనుములో గుద్దిన అక్షరాలు, అంకెలు బయటపడ్డాయి. "నంబరు పుట్టుకతోనే ఉంది చూడప్పా. కంపెనీవాడు గుద్దే పంపిస్తాడు. దీన్ని రసీదులో రాయించుకోండి అని నేను చెప్తానే ఉంటా. ఎవురు రాయించుకుంటారు? రసీదే ఉంచుకోరు" అన్నాడు. సైకిలు ఓనరు, ఒక పాలాయన, వంగి ఆ నంబరు వైపు చూస్తూ "ఇది ఇక్కడుందా" అన్నాడు. ఏళ్ళుగా ఆ సైకిలు మీదే క్యాన్లు కట్టుకుని డెయిరీకి పోతున్నాడాయన.

దొంగతనం భయంతో రిజిస్ట్రేషను కావాలనే వాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఆ నంబరును ఫోనులో ఫొటో తీసుకోండి, రసీదు మీద రాయించుకోండి. అయితే ఒక మెలిక ఉంది. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త నేరచట్టాల్లో, 5,000 రూపాయల లోపు సొత్తు దొంగతనానికి, మొదటిసారి దొరికిన దొంగ వస్తువో దాని విలువో తిరిగిస్తే, శిక్ష సమాజసేవ. అలాంటి కేసు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేసే తరగతిలో లేదు. పాత సైకిలు ఏది తీసుకున్నా ఆ 5,000 లోపే ఉంటుంది. పోలీసు స్టేషనులో మనవాడి సైకిలు వెతికే నాథుడు ఇప్పటికే లేడు. నంబరు ప్లేటు తగిలించినంత మాత్రాన పుట్టుకొస్తాడా?

రిజిస్ట్రేషను అన్న మాట వినగానే మన గనుల్లో పాతవాళ్ళకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. గనులు నడిపిన జాన్ టేలర్ కంపెనీల కాలంలో, 1930లో, కూలీలందరి పేర్లూ వేలిముద్రలతో నమోదు చేయాలని పద్ధతి పెట్టారు. బంగారం దొంగతనం ఆపాలని ఒక సాకు. ఒక గనిలో తీసేసినవాడు పక్క గనిలో పనికి దొరక్కూడదన్నది అసలు సంగతని కూలీల అనుమానం. గనులన్నీ సమ్మెలో ఆగిపోయాయి. తెలుగువాళ్ళు, తమిళవాళ్ళు, అందరూ కలిసి. సైకిలు నంబరుకు, ఆ వేలిముద్రకు నేను పోటీ పెట్టడం లేదు. కానీ నమోదు పెట్టేటప్పుడు ఒక ప్రశ్న ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది: ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది, అది ఎవరి మీదికి తిరుగుతుంది? స్కూటరువాడిని ఆపితే ఫోనులో కాగితం చూపించి పోతాడు. సైకిలువాడిని ఆపితే పాల డబ్బా పక్కన పెట్టి నిలబడాలి.

మన ఊళ్ళో సైకిలు ఎవరిదో చూడండి. 2001లో గనులు మూతపడ్డాక ఇక్కడ పనులు కరువై, వేలమంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పోతున్నారు. 1894లో బంగారం కోసం వేసిన మారికుప్పం లైను ఇప్పుడు మనుషుల్ని మోస్తోంది. ఆ రైలు అందుకోవడానికి కొందరు ఇంటి నుంచి స్టేషను దాకా తొక్కుకొచ్చేది సైకిలు. ఇంకెవరు? కూరగాయలమ్మేవాళ్ళు, పేపరు పిల్లలు, పాలవాళ్ళు, బడిపిల్లలు. కర్ణాటక ప్రభుత్వమే 2006-07 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళిచ్చింది, బడి మానేయకుండా ఉండాలని. ఒక చేత్తో సైకిలిచ్చి, రెండో చేత్తో ఆ పిల్ల తండ్రిని ఒక రోజు కూలీ మానుకుని కేఏ-08 ఆర్‌టీఓ ఆఫీసు ముందు వరసలో నిలబెట్టాలా? కెనడాలో టొరంటో నగరం 1935లో సైకిలుకు లైసెన్సు పెట్టి 1957లో ఎత్తేసింది. ఎత్తేస్తూ వాళ్ళు చెప్పుకున్న కారణాల్లో నాకు నచ్చినదొకటుంది: పసిపిల్లల్ని తెలియకుండానే చట్టం తప్పినవాళ్ళను చేస్తున్నాం, పిల్లలకూ పోలీసులకూ మధ్య చెడుతోంది, అని.

రిజిస్ట్రేషను సంగతి ఇంతటితో వదిలేస్తాను. ఇన్సూరెన్సు మాట అంత తేలిగ్గా తేలదు.

సైకిలు వల్ల మనిషికి దెబ్బ తగలదని వాదించేవాళ్ళతో నేను లేను. జపానులో కోబే నగరంలో 2008లో పదకొండేళ్ళ కుర్రాడు రాత్రిపూట సైకిలు మీద పల్లంలోకి దూసుకొస్తూ, నడిచి వెళ్తున్న అరవై రెండేళ్ళావిడను గుద్దాడు. ఆవిడ మళ్ళీ స్పృహలోకి రాలేదు. 2013లో కోర్టు ఆ కుర్రాడి తల్లిని దాదాపు 9.5 కోట్ల యెన్లు కట్టమంది. ఏ తల్లి కట్టగలదు? ఆ తీర్పు దేశాన్ని కదిలించింది. 2015లో కోబే ఉన్న హ్యోగో రాష్ట్రం సైకిలుకు బీమా తప్పనిసరి చేసింది, తర్వాత టోక్యోతో సహా చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. గమనించాల్సిందేమంటే హ్యోగోలో బీమా లేనివాడికి జరిమానా పెట్టలేదు. చౌకగా దొరికేలా చేశారు, సైకిలమ్మే అంగడివాడు అడిగి చెప్పేలా చేశారు.

స్విట్జర్లాండు కథ ఇంకోలా నడిచింది. అక్కడ ఏళ్ళ తరబడి ప్రతి సైకిలుకూ ఏటా కొత్త స్టిక్కరు అతికించుకోవాలి, ఆ స్టిక్కరే బీమా. కొద్ది ఫ్రాంకులే ఖరీదు. 2012 నుంచి దాన్ని రద్దు చేశారు. అక్కడ చాలా కుటుంబాలకు ఇంటిల్లిపాది చేసే నష్టానికి వర్తించే బీమా అప్పటికే ఉంది, మళ్ళీ సైకిలుకు వేరేగా ఎందుకన్నారు. మన దగ్గర అలాంటి ఇంటి బీమా ఉన్న ఇల్లు వీధికొకటి దొరికినా గొప్పే. కాబట్టి వాళ్ళు తీసేశారు కనక మనకూ అక్కర్లేదని చెప్పడం నిజాయితీ కాదు.

అయితే లెక్క ఎటు మొగ్గుతోందో చూడాలి కదా. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళలో వందకు దాదాపు ముగ్గురు సైకిలు మీదున్నవాళ్ళు. వాళ్ళను చంపినవి లారీలు, బస్సులు, కార్లు, బైకులు. సైకిలు గుద్ది చనిపోయినవాళ్ళ వార్త మీరు ఎన్నిసార్లు చదివారో గుర్తు తెచ్చుకోండి. ఇక ఇన్సూరెన్సు తప్పనిసరి అని ముప్పై ఏళ్ళకు పైగా చట్టంలో ఉన్న మోటారు బండ్ల సంగతి: దేశంలో సగానికి పైగా బండ్లు బీమా లేకుండానే తిరుగుతున్నాయని పార్లమెంటు కమిటీయే లెక్క తేల్చింది. నంబరు ఉంది, ఆర్‌సీ ఉంది, కెమెరా ఉంది, మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా ఉంది. అయినా ఇదీ పరిస్థితి. బోనులో ఉన్న పులికే తాళం వేయలేనివాళ్ళు పెరట్లో కుందేలుకు గొలుసు కొనాలంటున్నారు.

నాకు బాగా కోపం తెప్పించేది ఇంకోటి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా బాధితులకు డబ్బిచ్చే ఏర్పాటు ఇప్పటికే ఉంది, అదే మోటారు వాహనాల చట్టం 161వ సెక్షను కింద. 2022 ఏప్రిల్ నుంచి ప్రాణం పోతే 2 లక్షలు, గట్టి దెబ్బలకు 50,000. అంతకు ముందు 25,000, 12,500 ఉండేది. ఆ ఏడాది దేశంలో గుద్ది పారిపోయిన ప్రమాదాలు 67,387. 2022-23లో ఈ పథకానికి వచ్చిన అర్జీలు 205. తీర్చినవి 95. ఈ అంకెలు 2024 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకొచ్చినవి. మొదటిసారి చదివినప్పుడు సున్నాలు తగ్గి పడ్డాయేమో అనుకున్నాను. పడలేదు.

ముళబాగిలు వైపు హైవే మీద తెల్లవారుజామున పాల సైకిలును లారీ గుద్ది పోయిందనుకోండి. ఆ ఇంటివాళ్ళకు ఈ 2 లక్షల సంగతి ఎవరు చెప్తారు? సైకిళ్ళకు నంబర్లు రాసే గుమాస్తాలను పెట్టే బదులు, ఆ గుమాస్తానే ఆ ఇంటికి పంపించి అర్జీ రాయిస్తే రోడ్డు మీద సైకిలువాడికి నిజంగా బీమా ఉన్నట్టు.

ఒక్క చోట మాత్రం పెద్దాయనతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇప్పుడు సైకిళ్ళలా కనిపించే బ్యాటరీ బండ్లు దిగాయి. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే వాటికి రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు అక్కర్లేదని నిబంధన. నిబంధన మంచిదే. కానీ కొన్నాక ఒక వైరు పీకేసి నలభై మీద పరిగెత్తించేవాళ్ళున్నారు. అది సైకిలు కాదు, మోపెడ్డు. దానికి పెడళ్ళున్నాయని ఊరుకోకూడదు. నంబరు, ఇన్సూరెన్సు, రెండూ అడగాల్సింది అక్కడ. అమ్మినవాడినీ, వైరు పీకినవాడినీ కూడా అడగాలి.

"రోడ్డు ట్యాక్సు మేం కడతాం, సైకిలోళ్ళు కట్టరు" అని రాబర్ట్‌సన్‌పేట నుంచి ఒకరు రాశారు. రోడ్డును తినేది బరువు. సైకిలు బరువుకు ఏ రోడ్డూ గుంత పడలేదు, గుంతలో సైకిలు పడుతోంది గానీ. పైగా సైకిలు కొన్నప్పుడు జీఎస్‌టీ కడుతూనే ఉన్నారు. 2025 సెప్టెంబరు దాకా 12 శాతం, ఇప్పుడు 5.

మరి పెద్దాయన ఇండికేటరు? చట్టం ఆయనకు దారి మూసేయలేదు. భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షను, మనుషుల ప్రాణం మీదికి తెచ్చేలా ఏ బండిని నిర్లక్ష్యంగా నడిపినా నేరమంటుంది. అందులో సైకిలు కూడా పడుతుంది. లైసెన్సు లేనంత మాత్రాన సైకిలువాడు చట్టానికి అతీతుడు కాడు. అయినా ఇండికేటరు కోసం పిల్లవాడి మీద కేసు పెట్టమని నేను చెప్పను, ఆయనా పెట్టరు. యూనిఫాం వేసుకునే ఉంటాడు కాబట్టి బడి ఏదో తెలిసే ఉంటుంది. ఆ బడి పి.టి. మాస్టారుకు ఒక మాట చెప్తే సరిపోతుంది. సందు చివర సైకిలు ఆపి రెండువైపులా చూడాలని పిల్లలకు ప్రార్థన వేళలో చెప్పించండి. వీలైతే బ్రేకు రబ్బర్లు అరిగిపోయిన సైకిళ్ళు ఎన్ని ఉన్నాయో కూడా చూడమనండి. మా ఆండర్సన్‌పేట అంగడాయన ఆ రోజు నాకు చూపించిన సైకిళ్ళలో సగానికి ముందు బ్రేకు పట్టడం లేదు. నంబరు కంటే ముందు కావాల్సింది అది.

సైకిలు తొక్కే పెద్దలకు, వాళ్ళ ఇళ్ళవాళ్ళకు రెండు పనులు చెప్పి ఆపుతాను. బ్యాంకు ఖాతా ఉన్న, 18 నుంచి 70 ఏళ్ళ మధ్య ఉన్నవాళ్ళు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరండి. ఏడాదికి 20 రూపాయలు, జూన్ 1 నుంచి మే 31 దాకా. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 2 లక్షలు, పాక్షికమైతే లక్ష. లారీ గుద్దినా, మీరే గుంతలో పడినా వర్తిస్తుంది. మీరు గుద్దినవాడికి మాత్రం అందులోంచి ఏమీ రాదు. ప్రభుత్వం నిజంగా సైకిళ్ళకు బీమా పెట్టాలనుకుంటే ఆ 20 రూపాయల పథకానికే ఇంకో నాలుగు రూపాయలు కలిపి అవతలివాడి నష్టాన్నీ చేర్చొచ్చు. ప్లేటూ అక్కర్లేదు, ఆఫీసూ అక్కర్లేదు. ఇది నా ఆశ, ఎవరూ మాటివ్వలేదు.

రెండోది, గుద్ది పారిపోయిన కేసు. వెంటనే పోలీసు ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోండి. ఆసుపత్రి కాగితాలు పారేయకండి. నెలలోగా బండి ఆచూకీ దొరక్కపోతే, పరిహారానికి అర్జీ పెట్టుకోవచ్చని పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా తెలపాలని ఆ అంకెలు ముందుకొచ్చిన 2024 కేసులోనే సుప్రీంకోర్టు ఉత్తర్విచ్చింది. తెలపకపోతే మీరే వెళ్ళి అడగండి. అర్జీ ఇవ్వాల్సింది తాలూకా రెవెన్యూ ఆఫీసులో, తహసీల్దారు హోదా అధికారికి. ఫారం నింపడం చేతకాకపోతే నాకు రాయండి, ఇక్కడ నింపిపెట్టేవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, డబ్బు తీసుకోరు.

ఉంటాను,
మీ మారికుప్పం మిత్రుడు